ఏ మెషీన్ మీది నంబరు?

ఆ కంప్యూటింగ్ సెంటర్లో ఆమెను ఎదురుగా మేడం అనీ, అటు తిరగగానే మొండమ్మ అనీ పిలిచేవారు. రెండో పేరు ఆమెకు తెలియదని అందరి నమ్మకం. తెలుసు. పైగా ఇష్టం కూడా. మేడంలు ఆ ఆవరణలో చాలామంది ఉన్నారు, మొండమ్మ మాత్రం తనొక్కతే కదా అనుకునేది.

కొన్ని వందల మెషీన్లను ఒకదానికొకటి కలిపి పెద్ద పెద్ద లెక్కలు చేయించే చోటు అది. వంతెన ఎంత బరువు మోస్తుంది, కొత్త మందు ఒంట్లో ఏం చేస్తుంది, నది ఏ పేట దగ్గర ఎంత ఎత్తు లేస్తుంది, ఇలాంటివి పట్టుకుని శాస్త్రవేత్తలు వస్తారు. ఒక్కో లెక్కను జాబ్ అంటారు. అది క్యూలో నిలబడి, వంతు రాగానే ముక్కలై పదీ ఇరవై మెషీన్ల మీదికి పోతుంది. ఆ ముక్క పేరు ప్రాసెస్. ప్రతి ప్రాసెసూ తానేం చేస్తోందో ఎప్పటికప్పుడు ఒక వాక్యం చెబుతూ ఉంటుంది. ఆ వాక్యాలన్నీ వచ్చి ఒకే ఫైల్లో పడతాయి. దాన్ని లాగ్ అంటారు. ఏదైనా చెడితే చూసుకోవడానికి ఉన్న దిక్కు అదే. ఆ మెషీన్ల మంచీ చెడ్డా చూసే అడ్మిన్ మొండమ్మ.

ఆ లాగ్ చదవడమంటే సంతలో నిలబడి ఒక్కడి మాట వినడానికి ప్రయత్నించడమే. ప్రతి వాక్యానికి ముందు టైమూ, ప్రాసెస్ నంబరూ ఉంటాయి. అది ఏ జాబ్ తాలూకు ముక్కో, ఏ మెషీన్ మీద నడుస్తోందో, ఎవరు పంపారో ఉండదు. పోనీ నంబరు పట్టుకుని వెతుకుదామా అంటే, ప్రతి మెషీనూ తన ప్రాసెస్‌లకు తానే నంబర్లు వేసుకుంటుంది. అదే నంబరు ఒకేసారి పది మెషీన్ల మీద ఉండొచ్చు. ప్రతి వాక్యానికీ ఈ వివరాలు తగిలిద్దామని మొండమ్మ డైరెక్టరు గారిని అడిగింది. మళ్ళీ అడిగింది. "అంత తోక తగిలిస్తే మెషీన్లు నెమ్మదిస్తాయమ్మా. ఇన్నాళ్ళూ నడవలేదా?" అన్నారాయన రెండుసార్లూ. ఇన్నాళ్ళూ నడిచిందన్న మాటకు జవాబు చెప్పడం ఎవరి తరం?

ఆ ఏడాది వానలు ముదిరిన రోజుల్లో, వరదల లెక్క మధ్యలో చచ్చిపోయింది. ఆ లెక్క చేసే శాస్త్రవేత్తను అందరూ వరదల డాక్టరు అంటారు. ఆయన ప్రోగ్రాం సగం లెక్కలు దాచుకున్న ఫోల్డర్ను ఎవరో పట్టపగలు తుడిచేశారు. మళ్ళీ మొదటినుంచి చేసేసరికి తెల్లారింది. ఈలోగా నది ఎవరి లెక్కల కోసమూ ఆగలేదు. ఏటిగట్టు కింది వీధుల వాళ్ళకు హెచ్చరిక అందేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ప్రాణాలు పోలేదు గానీ పరుపులూ బీరువాలూ పిల్లల పుస్తకాలూ పోయాయి. పేపర్లు దుమ్మెత్తిపోశాయి.

డైరెక్టరు గారికి తప్పు తగిలించడానికి అర్జెంటుగా ఒక మెడ కావలసి వచ్చింది. ఇద్దరితో కమిటీ వేశారు. కమిటీ లాగ్ తెరిచింది. ఆ సమయానికి ఎదురుగా "ప్రాసెస్ 7741: పాత ఫోల్డర్ తీసివేశాను" అని ఉంది. 7741 ఎవరిది? ఎవరిదో తెలుసుకునే దారే లేదు, ఒక్కరిది తప్ప. మెషీన్ల మీద ఒక కన్నేసి ఉంచడానికి మొండమ్మ రాసుకున్న కాపలా ప్రోగ్రాం ఒకటుంది. అది మొదలైన ప్రతిసారీ తన మెషీన్ పేరూ, ప్రాసెస్ నంబరూ విడిగా రాసి పెడుతుంది. ఆ రోజు దాని నంబరు సరిగ్గా 7741. గుర్తు పెట్టుకున్న పాపానికి దొరికింది ఆమె ఒక్కతే.

"ఏ మెషీన్ మీది నంబరు?" అని అడిగింది మొండమ్మ, కమిటీ ముందు నిలబడి.

"అంటే?"

"7741 అన్నారు. ఏ మెషీన్ మీది 7741? నా కాపలా ప్రోగ్రాం ఉన్నది మొదటి మెషీన్ మీద. ఇది అక్కడి నంబరే అని లాగ్‌లో ఎక్కడుంది? చూపించండి."

కమిటీలో ఒకాయన, నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా అన్నాడు. లెక్కల్లో డాక్టరేటు చేసిన మనిషి!

డైరెక్టరు గారు మాత్రం మెత్తగానే మాట్లాడారు. మెత్తగా మాట్లాడడంలో ఆయనకు ఆయనే సాటి. టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపారు. పొరపాటు నా వల్ల జరిగింది, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను, కింద సంతకం. "ఇది పెట్టేస్తే చిన్న మందలింపుతో పోతుంది. పెట్టకపోతే పూర్తి విచారణ. విచారణంటే సస్పెన్షను. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఏ సెంటరూ మిమ్మల్ని మెషీన్ల దగ్గరికి రానివ్వదు. ఈ నెలాఖరు దాకా ఆలోచించుకోండి," అన్నారు.

"ఆలోచించేశానండీ. పెట్టను," అంది.

గది బయట ఆమెకోసం డిస్కు బాబాయి నిలబడి ఉన్నాడు. బాబాయంటే చుట్టరికం ఏమీ లేదు. డిస్కులన్నీ ఆయన చేతుల్లో ఉంటాయి, ఆఫీసంతా బాబాయ్ అంటుంది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పింది ఆయనే. నోట్లో నాలుక లేని మనిషి. ఇంకొన్నాళ్ళలో రిటైరవుతాడు.

"పెట్టెయ్ అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "పెద్దవాళ్ళతో మనకెందుకు? ఒక్క సంతకం. అందరూ రేపటికి మర్చిపోతారు."

"నేను మర్చిపోను కదా బాబాయ్."

"నీ మొండితనం నీకు కూడు పెడుతుందా?"

"మీరు నేర్పిన పని పెడుతుంది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన్ని అంత పెడసరంగా అనాల్సింది కాదని బస్సెక్కాక అనిపించింది.

ఇంట్లో సంగతి ఇంకో రకం. ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చునే ఆయనకు ఒక రెండో బ్రేకు ఉంటుంది. పాపం, ఏళ్ళ తరబడి దానిమీద కాలు పెట్టి పెట్టి, ఇంటికొచ్చాక కూడా కాలు తీయడం మర్చిపోయాడు. సంగతంతా విని, "పెడితే పోయేదేముంది? నలుగురితో నారాయణ. ఉద్యోగం ఉంటే చాలు కదా," అన్నాడు.

వంటింట్లోంచి అత్తగారు బయటికి వచ్చింది. అత్తాకోడళ్ళకు పడదు. కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని దగ్గర్నుంచి పడదు. అలాంటిది కొడుకు వైపు వేలు చూపించి, "నువ్వు నోరు ముయ్యరా!" అంది. "దీంతో పెళ్ళయిన నాటినుంచీ పోట్లాడుతున్నా. చెయ్యని తప్పు ఒక్కనాడైనా ఒప్పుకుందా ఇది? చేసిన తప్పూ ఒప్పుకోలేదనుకో, అది వేరే సంగతి. నా దగ్గర ఒప్పుకోనిది వాడెవడి దగ్గరో ఎందుకు ఒప్పుకుంటుంది? నా పరువేం కావాలి?"

మొండమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూటకు కిటికీ అత్తగారు చెప్పినట్టే మూసింది.

మర్నాడు ఉదయమే డైరెక్టరు గారి గదికి వెళ్ళి నిలబడింది.

"ఇవాళ్టినుంచి లాగ్‌లో ప్రతి వాక్యానికీ నాలుగు వివరాలు పెడుతున్నానండీ. జాబ్ నంబరు, మెషీన్ పేరు, ప్రాసెస్ నంబరు, పంపినవాళ్ళ ఖాతా."

"వద్దని చెప్పాను కదా."

"చెప్పారు. అడగడానికి రాలేదండీ, చెప్పడానికొచ్చాను. ఆపాలనుకుంటే నన్ను ఇప్పుడే ఇంటికి పంపండి. వరదల కాలం, అడ్మిన్ లేకుండా మెషీన్లు ఎన్నాళ్ళు నడుస్తాయో మీరే చూద్దురుగాని."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పొమ్మనీ అనలేదు, ఆపమనీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే తనకు అనుమతి అనుకుని ఆమె వచ్చేసింది.

పని చూడబోతే చిన్నదే. ప్రతి జాబ్ మొదలయ్యే ముందు ఒకే గుమ్మంలోంచి పోవాలి. ఆ గుమ్మం దగ్గర జాబ్ నంబరూ ఖాతా పేరూ దాని జేబులో పెట్టి పంపాలి. జాబ్ ఏ మెషీన్ మీదికి పోయినా, ఎన్ని ముక్కలైనా, ఆ జేబు ప్రతి ముక్కకూ ఉంటుంది. ఆ ముక్క నోరు విప్పిన ప్రతిసారీ ముందు జేబులోది చదివి, మెషీన్ పేరు చెప్పి, ఆ తర్వాతే చెప్పదలుచుకున్నది చెప్పాలి. సాయంత్రానికి రాసేసింది. మెషీన్లు నెమ్మదించాయా అని కొలిచి చూసింది. తేడా వెతికినా కనబడలేదు.

తేడా మనుషుల్లో వచ్చింది. అంతదాకా లాగ్ ఊరుమ్మడి పెరడు, ఎవరు ఏం పారేసినా అడిగేవాడు లేడు. ఇప్పుడు ప్రతి చెత్తకూ చిరునామా ఉంది. వాక్యాలు బారెడు పొడవున్నాయని ఒకాయన విసుక్కున్నాడు. ఇదేమన్నా పోలీస్ స్టేషనా అని ఇంకొకావిడ అడిగింది. వంతెనల లెక్కలు చేసే పెద్దమనిషి, లాగ్ నిండా ఎవడో ఒకే హెచ్చరిక వేలకు వేలు కక్కుతున్నాడని ఎప్పటినుంచో అందరి మీదా ఎగిరేవాడు. కక్కుతున్నది ఆయన జాబే అని తేలింది. ఆ రోజునుంచి క్యాంటీన్లో ఆయన దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంటున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొండమ్మకు వినబడేలాగే అన్నారు. వినబడింది. వాళ్ళ జాబులు చెడి, ఎక్కడ చెడ్డాయో తెలియక తన దగ్గరికి వచ్చినప్పుడు ఆ పొడుగు వాక్యాలే తీసి చూపించింది. మాట తూలలేదు. అలా తూలకుండా ఉండడానికి పళ్ళు కొరుక్కోవలసి వచ్చిందన్నది వేరే మాట.

నెలాఖరు దగ్గరపడుతుండగా వాన మళ్ళీ పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు వరదల డాక్టరు తడిసిన చొక్కాతో ఆమె గదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

"మేడం, మళ్ళీ పోయింది! అదే ఫోల్డర్. అలాగే."

"ముందు లెక్క మళ్ళీ మొదలెట్టండి. ఈసారి ఫోల్డర్ను అన్ని మెషీన్లూ పంచుకునే డిస్కులో పెట్టొద్దు, నేను వేరే చోటిస్తాను. ఖాళీ మెషీన్లన్నీ మీకే. ఇంకెవరైనా అరిస్తే నా దగ్గరికి పంపండి," అంది. ఆయన పని మొదలయ్యేదాకా పక్కనే కూర్చుంది. ఈసారి హెచ్చరిక చీకటి పడకముందే గట్టు కింది వీధులకు చేరింది. జనం సామాన్లు మేడల మీదికి ఎక్కించుకున్నారు.

అప్పుడు లాగ్ తెరిచింది. వెతకవలసిన పని లేకపోయింది. వాక్యం చక్కగా అన్నీ చెప్పుకుంటూ వచ్చింది. జాబ్ నంబరు, నలభై ఆరో మెషీన్, ప్రాసెస్ నంబరు. ఖాతా పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. డిస్కు బాబాయి.

ముందు నమ్మలేదు. తన కొత్త ఏర్పాటే తప్పేమోనని మొదటినుంచి సరిచూసింది. తప్పు లేదు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆ ఏర్పాటు ఎందుకు పెట్టానా అని తనను తానే తిట్టుకుంది.

డిస్కుల గదిలో బాబాయి టీ తాగుతున్నాడు. ఆమె ఏమీ అనకుండా ఆయన స్క్రీన్ మీద ఆ వాక్యం తెరిచింది. ఆయన చదివాడు. గ్లాసు కింద పెట్టి మళ్ళీ చదివాడు.

"ఇది చెత్త ఫోల్డర్లు ఊడ్చే నా ప్రోగ్రామే," అన్నాడు. "డిస్కు నిండినప్పుడల్లా నడుపుతాను. కానీ అది చచ్చిన ప్రాసెస్‌ల ఫోల్డర్లే తీస్తుంది అమ్మాయ్! ఫోల్డర్ మీద ఉన్న నంబరు చూస్తుంది, ఆ ప్రాసెస్ బతికుందా లేదా అని చూస్తుంది, లేకపోతేనే..."

"ఎక్కడ చూస్తుంది బాబాయ్?"

"ఎక్కడేంటి, మెషీన్‌లో..." అని ఆగిపోయాడు.

ఆ ప్రోగ్రాం ఆయన రాసిన రోజుల్లో ఈ సెంటర్లో ఉన్నది ఒకే ఒక్క మెషీన్. అప్పుడు అది నూటికి నూరుపాళ్ళూ సరైనదే. తర్వాత వందల మెషీన్లు వచ్చాయి, అన్నీ ఒకే డిస్కు పంచుకున్నాయి. ప్రోగ్రాం మాత్రం తానున్న మెషీన్ మీదే వెతికి, ఈ నంబరు గలది ఇక్కడ లేదు కాబట్టి చచ్చిపోయిందని తీర్మానించి, ఇంకో మెషీన్ మీద నిక్షేపంగా బతికున్నవాడి ఫోల్డర్ ఊడ్చేస్తోంది. మామూలుగా సాయంత్రాలు, జాబులన్నీ అయిపోయాక నడిపేవాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. వానల్లో డిస్కు పట్టపగలే నిండింది. కమిటీ పెద్దలు మొండమ్మ విషయంలో చేసిన తప్పూ, ఆ ప్రోగ్రాం చేసిన తప్పూ ఒక్కటే, ఏ మెషీన్ మీదిదో చూడకుండా నంబరును నమ్మడం.

"నిన్ను సంతకం పెట్టెయ్యమన్నాను కదమ్మా," అన్నాడు బాబాయి. మొండమ్మ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకు తెలియదు కదా బాబాయ్."

"ఈ లైను తీసెయ్యమని అడగనులే."

"అడిగినా తియ్యను," అంది. అని, ఆయన చెయ్యి పట్టుకుంది. "కానీ మిమ్మల్ని ఒక్కళ్ళనే వదిలెయ్యను కూడా."

మర్నాడు సమావేశం. కమిటీ ఇద్దరూ, డైరెక్టరు గారూ, వరదల డాక్టరూ, బాబాయీ, ఆమే. మొండమ్మ లాగ్ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది. బాబాయి లేచి, అవును నాదే అన్నాడు. డైరెక్టరు గారి ముఖం వికసించింది. కావలసింది దొరికింది, అదీ రిటైరయ్యే మెడ. పక్కనున్న కమిటీ ఆయనతో, ఆ పాత కాగితమే పేరు మార్చి మళ్ళీ టైపు చేయించమన్నారు. అది నిమిషాల్లో వచ్చేసింది.

"అలాగే, దొంగ దొరికాడు కాబట్టి లాగ్‌లో ఆ తోకలు ఇక తీసేయండమ్మా. అందరూ ఇబ్బంది పడుతున్నారు," అన్నారు డైరెక్టరు గారు.

బాబాయి పెన్ను తీశాడు. మొండమ్మ ఆ కాగితం ఆయన చేతికింద నుంచి లాగేసుకుంది.

"దొంగేమిటండీ? దొంగ ఎవరు?" అంది కోపంగా. "ఈయన ఏదీ దొంగచాటుగా నడపలేదు. పద్ధతిగా క్యూలో పంపాడు కాబట్టే దొరికాడు. ఆ రోజు నన్నూ ఇలాగే పట్టుకున్నారు. పద్ధతిగా ఉన్నవాళ్ళ మెడలే మీకు దొరుకుతాయి. తోకలు తియ్యను. నేనీ కుర్చీలో ఉన్నంతకాలం, ఎవరు పంపారో చెప్పని జాబ్ నా మెషీన్ల మీద నడవదు. మీదైనా సరే."

"మేడం..." అన్నాడు వరదల డాక్టరు.

"ఉండండి." కాగితం తిరగేసి, వెనక ఖాళీవైపు రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పైకి చదివింది. "ఫోల్డర్లు ఊడ్చే ప్రోగ్రాం ఒక్క మెషీన్ కోసం రాసింది. మెషీన్లు పెరిగాక మార్చలేదు. అది రాసినవారి తప్పు. మెషీన్ల మీద ఏమేం నడుస్తున్నాయో చూడవలసిన అడ్మిన్, ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి తెరిచి చూడలేదు. చూసుంటే తెలిసేది. అది నా తప్పు."

చేసిన తప్పయినా ఒప్పుకునే అలవాటు లేని మనిషి. ఆ రెండో తప్పు దగ్గర పెన్ను ఒకసారి ఆగింది. అయినా దాని కింద పెద్దగా, కొట్టొచ్చినట్టు సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరెన్ని చెప్పినా పెట్టని సంతకం.

బాబాయి ఆ కాగితం తీసుకుని, తన తప్పు కింద సంతకం పెట్టాడు. మొండమ్మ మళ్ళీ కాగితం అందుకుని మూడో తప్పు రాసింది. ఇది పైకి చదవలేదు. లాగ్‌లో వివరాలు పెడదామని అడిగినప్పుడల్లా వద్దన్నారని రాసి, డైరెక్టరు గారి ముందుకు జరిపింది.

ఆయన చదివారు. కమిటీ వైపు చూశారు. కమిటీ బల్ల వైపు చూసింది. వరదల డాక్టరు కుర్చీ కొంచెం ముందుకు లాక్కుని, చేతులు కట్టుకుని, ఆయన వంకే చూస్తూ కూర్చున్నాడు. బయట వాన పడుతూనే ఉంది, ఎవరూ లేవలేదు.

ఆయన జేబు తడుముకున్నారు. పెన్ను లేదు. మొండమ్మ తన పెన్ను మూత తీసి మరీ అందించింది.